ఎనిమిది సెకన్ల చిన్నాయన

కోడుమూరులో ఒక పేపరుకు వార్తలు రాయబట్టి నాకు ఇరవై ఏండ్లు దాటింది. చేరిన కొత్తలో రాసిన కాగితాలు కవర్లో పెట్టి, మధ్యాహ్నం పోయే కర్నూలు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. అక్కడ బస్టాండులో పేపరు మనిషి ఒకాయన కాచుకుని ఉండి తీసుకుపోయేవాడు. బస్సు తప్పితే ఆ రోజుకు వార్త తప్పినట్టే. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, మెయిలు వచ్చింది, ఆఖరికి అన్నీ ఫోనే అయింది. మార్పు వచ్చినప్పుడల్లా ఇక పని సులువు అని చెప్పినారు. నిజంగానే సులువైంది. నేను అలసిపోయింది మాత్రం సులువైన తర్వాతనే. ఎవరికైనా చెప్తే నవ్వుతారని ఊరకుంటాను.

ఇప్పుడు పొద్దున ఆరుగంటలకే, పేపరు ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాళ్ల గ్రూపులో మెసేజీలు మొదలవుతాయి. ముందు "వీడియో ఉందా?" అని అడుగుతారు. ఏం జరిగిందని తర్వాత అడుగుతారు. చెట్టు కూలినా వీడియో, గొర్రెల మీద బస్సు ఎక్కినా వీడియో. ఒకసారి బావిలో పడి చనిపోయిన మనిషి ఇంటికాడికి పోయి తీసి పంపితే, "ఏడుపు సరిగ్గా వినపడటం లేదు, ఇంకోటి ఉందా?" అని అడిగినారు. నేను వెతికి ఇంకోటి పంపినాను. ఆ పంపినవాణ్ణి నేనే కాబట్టి, తర్వాత జరిగినదానికి వేరేవాళ్లను అనే హక్కు నాకు పెద్దగా లేదు.

మా సొంతూరు కోడుమూరుకు పన్నెండు కిలోమీటర్లు. కాపురం కోడుమూరులో పెట్టినా, ఆదివారం చర్చికి మాత్రం మా ఊరికే పోతాను. మా వీధిలో మా నాయనకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన ఉన్నాడు. నాకు చిన్నాయన. ఆయనకు సొంత చేను మూడెకరాలు, కౌలుకు ఇంకో నాలుగెకరాలు. చదివింది ఐదో తరగతి. మా చర్చి సంఘంలో పెద్దమనిషి. అయితే ఊర్లో ఆయనకున్న గౌరవం పెద్దరికం వల్ల వచ్చింది కాదు, మాట వల్ల వచ్చింది.

ఆయన మాట్లాడితే జనం కూర్చుని వినేవాళ్లు. పెండ్లిలో నాలుగు మాటలు చెప్పాలన్నా, సమాధికాడ మన్ను వేసినాక ఇంటివాళ్లను ఓదార్చాలన్నా ఆయన్నే పిలిచేవాళ్లు. కాగితం పట్టుకునేవాడు కాదు. గొంతు పెంచేవాడు కాదు. మా ఊరి మాట మా ఊరి మాటగానే మాట్లాడేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు పంటలన్నీ పోయినాయి. ఆ ఏడు చర్చిలో కోత పండగకు కొందరు గుప్పెడు కందులు తెచ్చినారు, కొందరు ఇంట్లోంచి కోడిని తెచ్చినారు. చిన్నాయన ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వచ్చి బల్ల ముందర దించి, పాస్టరుగారి వైపు చూసి, "ఈ యేడు గంప ఖాళీగా ఉండాది. ఖాళీ గంప తేగూడదని యాడా రాసిలేదు గదా అయ్యగారూ," అన్నాడు. మా అమ్మ నవ్వి, వెంటనే కొంగుతో కండ్లు ఒత్తుకుంది. ఆ ఆదివారం ఆయన తర్వాత, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యానికి ఇంకెవ్వరూ లేవలేదు.

రెండేండ్ల క్రితం జూన్‌లో ఒక మంచి వాన పడింది. అందరూ విత్తినారు. ఆ తర్వాత నెలన్నర చుక్క పడలేదు. మొలిచినవి ఎండిపోయినాయి, మొలవనివి లోపలే పోయినాయి. కొందరు మళ్లీ విత్తినారు. అవీ పోయినాయి. అప్పుడు పంటలు చూడటానికి కర్నూలు నుంచి ఆఫీసరు సార్లు వస్తున్నారని కబురొచ్చింది. నాలుగు కార్లలో వచ్చినారు. మా ఊరి చేలు రోడ్డు పక్కనే ఉంటాయి కాబట్టి అక్కడే ఆపినారు. చిన్నాయన చేను మొదటిది.

నేను ఫోను పట్టుకుని ముందర నిలబడినాను. పెద్ద సారు గట్టు మీద నుంచే అడిగినాడు. "ఏం పెద్దాయనా, ఎన్నిసార్లు విత్తినావు?"

చిన్నాయన తలకు చుట్టుకున్న టవలు విప్పి భుజం మీద వేసుకున్నాడు. "రెండుసార్లు యేసినాము సార్. మోడం వస్తాండాది, చూస్తాండాది, పోతాండాది. ఇత్తనం యేస్తాండాము, మన్ను తింటాండాది. మన్ను తింటాండాది సార్. ఆకలి మాకే అనుకుంటిమి, మన్నుకూ ఉండాది."

అక్కడితో ఆపలేదు. సారు వినేరకం మనిషిలాగా కనిపించేసరికి ఇంకా చెప్పినాడు. ఎద్దుల సంగతి చెప్పినాడు, వలసపోయినవాళ్ల ఇండ్లకు వేసిన తాళాల సంగతి చెప్పినాడు, ముసిలోళ్లు పొద్దున లేచి, మేము మోడమనే మబ్బు దిక్కు చూసే చూపు సంగతి చెప్పినాడు. మొత్తం నాలుగు నిమిషాలకు పైనే. నా చేయి నొప్పి పెట్టింది కానీ ఫోను దించలేదు. ఇరవై ఏండ్లలో మా కరువు గురించి నేను రాసిన దాంట్లో ఏదీ ఆ నాలుగు నిమిషాలకు సరిరాదని అప్పుడే తెలిసింది. సార్లు తలలూపి, రాసుకుని, కార్లెక్కినారు.

వీడియో మొత్తం డెస్కుకు పంపినాను. వాళ్లు నలభై సెకన్లు ఉంచి, మిగతాది కత్తిరించి, పేపరు వాళ్ల ఆన్‌లైన్ పేజీలో పెట్టినారు. సాయంత్రానికి వేలమంది చూసినారని గ్రూపులో రాసినారు. నా పేరు పక్కన చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు వరసగా పడినాయి. ఆ బొమ్మలు నేను మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్నాను. అది కూడా చెప్పాలి.

మరుసటి రోజు ఊరికి పోయి చిన్నాయనకు చెప్పినాను. ఆయన దగ్గర ఉండేది బటన్ల ఫోను. "వేలమంది చూసినారు చిన్నాయనా నిన్ను," అంటే ఇంటి ముందర తిన్నె మీద సర్దుకుని కూర్చున్నాడు.

"మన కలెక్టరు సారు గూడా చూసింటాడా?"

"చూసే ఉంటాడు."

"అంతమంది చూసినారంటే ఎవురో ఒకరు వస్తార్లేప్పా," అన్నాడు.

ఆయన లెక్కలో చూడటమంటే పక్కన నిలబడి చూడటం. ఎండిన చేను ఒక మనిషి చూసినాడంటే, ఆ మనిషి తర్వాత ఏదో ఒకటి చేయాలి. ఆ మాట నేను కాదనలేదు. చిన్నమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేసినాను.

వారం తిరక్కముందే ఎవరో ఆ నలభై సెకన్లలోంచి ఎనిమిది సెకన్లు తీసినారు. ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. విత్తనం మాట పోయింది, ఆకలి మాట పోయింది. చిన్నాయన ముఖం దగ్గరగా, "మన్ను తింటాండాది. మన్ను తింటాండాది సార్." అంతే. వెనక డప్పు దరువు ఒకటి కలిపినారు. 'తింటాండాది' అనే మాటను సాగదీసి రెండుసార్లు తిప్పినారు.

దాన్ని దేనికి పడితే దానికి అతికించినారు. పెండ్లి విందులో పెద్ద ఆకు ముందర కూర్చున్న లావాటి మనిషికి అతికించినారు. హాస్టలు మెస్సులో కూరకు అతికించినారు. చీపురు నమిలే పసిబిడ్డకు అతికించినారు. నిజం చెప్తున్నాను, ఆ పసిబిడ్డది చూసినప్పుడు నాకే నవ్వొచ్చింది. రెండోసారి చూడబోయి ఆపినాను.

కోడుమూరు బస్టాండు పక్కన టీ అంగడిలో అది రోజుకు ఎన్నిసార్లు మోగేదో. అక్కడ కూర్చునేవాళ్లందరూ 'తింటాండా, పోతాండా' అనే మనుషులే. ఇంట్లో అట్ల మాట్లాడేవాళ్లే దాన్ని ఫోన్లో విని పడీపడీ నవ్వేవాళ్లు. నాకు అది కొంతకాలం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మా మాటను సినిమాల్లో కత్తి పట్టినవాడి నోట్లోనో, వాని వెనక కారెక్కే మందలోనో వింటూ పెరిగినాము. లేకపోతే నవ్వించడానికి పెట్టిన మనిషి నోట్లో విన్నాము. తెర మీద మా మాట వినపడితే భయపడాలి, కాకుంటే నవ్వాలి. మూడో రకంగా వినడం మాకెవరూ నేర్పలేదు. నేనూ అంతే. నా నోరు 'పోతాండా' అంటుంది, పేపరుకు రాసేటప్పుడు చేయి దానంతటదే 'పోతున్నాను' అని రాస్తుంది.

చిన్నాయనకు ఒక్కతే కూతురు. అప్పుడు కడపలో నర్సింగు మూడో సంవత్సరం. ఒక శనివారం మధ్యాహ్నం నేరుగా కోడుమూరులో మా ఇంటికి వచ్చింది. ఊరికి పోకుండా ఇక్కడికి ఎందుకొచ్చిందా అనుకున్నాను. నా భార్య అన్నం పెడతానంటే వద్దనింది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అన్నా, మా నాయన వీడియో నువ్వే తీసినావంట."

"నేనే తీసినానమ్మా. కానీ ఇప్పుడు తిరిగేది నేను చేసింది కాదు."

"తెలుసన్నా." బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుంది. "హాస్టల్లో అన్నం కాడ కూర్చుంటే, ఏం తింటాండావే అని అడుగుతారు. జవాబు గూడా వాళ్లే చెప్తారు. అందర్నీ అట్లనే అడుగుతారు, నన్నొక్కదాన్నే కాదు."

"ఆయన మీ నాయన అని వాళ్లకు తెలుసా?"

"తెలీదు. నేను చెప్పలేదు." తల వంచుకుంది. "మొదటి రోజు ఒక అమ్మాయి ఆ వీడియో నాకే చూపించింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినానన్నా."

నా భార్య లోపల్నుంచి వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఏడవలేదు. "ఎట్లన్నా చేసి తీసేయించన్నా. నాయనకు ఇంకా తెలీదు. తెలియకముందే తీసేయించు," అంది. నాలుగున్నర బస్సుకు ఊరికి పోయింది.

అదే రోజు డెస్కుకు ఫోన్ చేసినాను. అక్కడ ఉండే సబ్ ఎడిటరు మంచి మనిషే. "మన పేజీలోది తీసేస్తాను. మిగతావి ఎక్కడని పట్టుకుంటాం చెప్పన్నా?" అన్నాడు. తీసేసినాడు కూడా. దానివల్ల ఒక్కటే జరిగింది. నలభై సెకన్లది పోయి, ఎనిమిది సెకన్లవి మాత్రం మిగిలినాయి.

నేను కూర్చుని ఒక్కొక్కదాని మీద ఫిర్యాదు పెట్టడం మొదలుపెట్టినాను. పెట్టినప్పుడల్లా ఫోను ఒక ప్రశ్న అడిగేది. ఇందులో ఉన్నది మీరేనా? కాదు అని నొక్కితే, ఉన్న మనిషే ఫిర్యాదు చేయాలని చెప్పేది. అవును అని అబద్ధం నొక్కితే గుర్తింపు కార్డు అడిగేది. ఉన్న మనిషికి తాను అందులో ఉన్న సంగతే తెలీదు. నాలుగు రోజులు అట్లనే చేసినాను. ఒకటి పోతే రెండు కొత్తవి కనపడినాయి. ఐదో రోజు ఫోను పక్కన పెట్టి పడుకున్నాను.

అప్పుడే ఆ చానెలు వాళ్లు వచ్చినారు. ఫోన్లో చూసే చానెలు. ఒక యాంకరమ్మ, ఒక కెమెరా ఆయన. ఆ ముసలాయన ఊరు కోడుమూరు దగ్గరని ఎట్లనో తెలుసుకుని, నా నంబరు సంపాదించుకుని వచ్చినారు. ఇల్లు చూపించమన్నారు. మొదట కుదరదన్నాను.

"ఆయన గురించి అందరూ తప్పుగా అనుకుంటున్నారు కదా సార్. మేము ఫుల్ ఇంటర్వ్యూ చేస్తాం. ఆయన కష్టం మొత్తం చెప్పిస్తాం," అంది యాంకరమ్మ.

ఆ మాటకు నేను లొంగిపోయినాను. నాలుగు నిమిషాలు పూర్తిగా జనం వింటే ఎనిమిది సెకన్లు కొట్టుకుపోతాయని అనుకున్నాను. నాకు అప్పుడు అదొక్కటే దారి కనిపించింది. వాళ్ల కారు ముందర నా బండి పెట్టి ఊరికి తీసుకుపోయినాను.

చిన్నాయన సంబరపడినాడు. ఎవరో ఒకరు వస్తారని అనుకున్నాడు గదా, వచ్చినారనుకున్నాడు. చిన్నమ్మ లోపలికి పోయి మంచి చొక్కా తెచ్చిచ్చింది. తిన్నె మీద కూర్చోబెట్టి కాలర్‌కు చిన్న మైకు తగిలించినారు. వీధిలో పది పదిహేనుమంది చేరినారు. ఆయన గొంతు సవరించుకుని, "ఈ మారు ఆముదాలు యేద్దామనుకుంటాండాము..." అని మొదలుపెట్టినాడు.

యాంకరమ్మ నవ్వుతూ ఆపింది. "అది తర్వాత చెబుదువు తాతా. ముందు ఆ డైలాగ్ ఒకసారి చెప్పు. కెమెరా వైపు చూసి."

"ఏ డైలాగమ్మా?"

"అదే తాతా, ఫేమస్ అయిందే."

చిన్నాయన నా వైపు చూసినాడు. నేను చెప్పేలోపల కెమెరా ఆయన తన ఫోను తీసి ముందర పట్టినాడు. డప్పు దరువు వినపడింది. పెండ్లి విందు, మెస్సులో కూర, పసిబిడ్డ. ఒకదాని వెనక ఒకటి వచ్చినాయి. వీధిలో నిలబడినవాళ్లలో ఇద్దరు ముగ్గురు అలవాటుగా నవ్వి, వెంటనే ఆపుకున్నారు. చిన్నాయన ఆ ఫోను చేతిలోకి తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అయిపోయినాక, "ఇంగోసారి పెట్టప్పా," అన్నాడు. మళ్లీ పెట్టినారు. మూడోసారి కూడా అడిగి చూసినాడు.

ఫోను తిరిగిచ్చేసినాడు. "ముందర ఇత్తనం మాట ఉండాల గదా. అది యాడ పాయె?" అని అడిగినాడు. నన్ను కాదు, వాళ్లను కాదు. ఊరికే అడిగినాడు.

ఆయన కాలర్‌కున్న మైకు తీయబోయినాడు. అది రాలేదు. నేను పోయి తీసినాను. "పోయిరండమ్మా, చేనికాడ పనుండాది," అని యాంకరమ్మకు చెప్పి లేచి పోయినాడు. ఆ రోజు చేనిలో పనేమీ లేదు. ఎండిన చేనిలో ఏం పనుంటుంది.

వాళ్లు కారెక్కుతూ నన్ను అడిగినారు. "మూడ్ బాగున్నప్పుడు ఒకసారి ఫోన్ చేస్తారా సార్?"

చిన్నమ్మ నాతో గొడవ పెట్టుకోలేదు. "అప్పా, బస్సులో ఒగామె ఫోన్లో ఆయన గొంతు విన్నట్టే అనిపించి నేను అటూ ఇటూ చూస్తి. ఈయన యాడుండాడా అని. అది ఇదేనన్నమాట," అంది. అంతే.

తర్వాత ఒక ప్రయత్నం చేసినాను. చిన్నాయన ఆ రోజు చెప్పినదంతా ఫోన్లో మళ్లీ విని, ఆయన మాటల్లోనే పేపరుకు రాసి పంపినాను. ఒక కాలమ్‌లో సగం వచ్చింది. 'వర్షాభావంతో విత్తనాలు మొలకెత్తక రైతులు ఆందోళన చెందుతున్నారు' అని వచ్చింది. సబ్ ఎడిటరు ఫోన్ చేసి, "యాస అట్లనే పెడితే మళ్లీ కామెడీ అవుతుందన్నా, అందుకే మార్చినా," అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ ఏడు కోత పండగకు నేను కావాలనే ముందు వరసలో కూర్చున్నాను. అయ్యగారు మామూలుగానే చిన్నాయన్ను సాక్ష్యానికి పిలిచినాడు. ఆయన లేచి వచ్చినాడు. కండ్లద్దాలు పెట్టుకున్నాడు. బైబిలు తెరిచి ఒక భాగం చదివినాడు. పుస్తకంలో ఎట్ల ఉందో అట్ల, ఒక్కొక్క అక్షరం. మూసేసి, వందనాలు చెప్పి, పోయి కూర్చున్నాడు. జనం ఇంకా ఏదో చెప్తాడని కాసేపు చూసినారు. పిలకాయలు కొందరు ఒకరి మోచేయి ఒకరు పొడుచుకున్నారు.

ఆ తర్వాత పెండ్లిళ్లకు పిలిచినా ముందుకు రాలేదు. "గొంతు బాగలేదప్పా," అనేవాడు. సమాధికాడ మాత్రం పోయి నిలబడేవాడు. మాట్లాడే పని అయ్యగారికి వదిలేసేవాడు.

మరుసటి ఏడు వ్యవసాయాఫీసు మేడమ్ ఒకామె పంట నమోదుకు మా ఊరికి వచ్చింది. ఆ ఏడు వానలు బాగా పడినాయి, ఆముదాలు ఏపుగా ఉన్నాయి. నేను వార్త కోసం పోయినాను కానీ ఫోను జేబులోంచి తీయలేదు. ఆమె చిన్నాయన్ను అడిగింది. "ఏం వేసినావు తాతా?"

ఆయన నిటారుగా నిలబడి, "ఆముదాలు వేసియున్నాము మేడమ్. పంట బాగా ఉన్నది. వర్షములు కూడా పడుచున్నవి," అన్నాడు.

టీవీ వార్తలు, బైబిలు, ఇంకేదో కలిపి ఆయన తనకు తానే కుట్టుకున్న మాట అది. ఆయన ఒంటికి అది పట్టలేదు. ఆ మేడమ్‌కు తేడా ఏమీ తెలియలేదు, రాసుకుని పోయింది. నేను గట్టు మీద నిలబడి విన్నాను.

ఆ సాయంత్రం ధైర్యం చేసి అన్నాను. "చిన్నాయనా, నావల్ల నీకు అన్యాయం జరిగింది."

ఆయన నా వైపు చూడకుండా కొడవలి నూరుకుంటున్నాడు. "నీ పని నువ్వు చేసినావు. నా పని నేను చేసినాను. దాంట్లో ఏముంది," అన్నాడు. 'ఏముండాది' అనలేదు. నాతో కూడా 'ఏముంది' అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

ఇప్పుడు ఆ ఎనిమిది సెకన్లు ఎవరికీ గుర్తులేవు. వాటి తర్వాత ఇంకెన్నో వచ్చినాయి, పోయినాయి. టీ అంగడిలో వేరేవాళ్ల గొంతులు మోగుతున్నాయి. చిన్నాయన కూతురు చదువు ముగించుకుని కడపలోనే ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరింది. డెస్కు వాళ్లు కోడుమూరుకు నాతోపాటు ఇంకొకతన్ని పెట్టినారు, వీడియోలు అతను చూసుకుంటాడు. నేను మీటింగులు, కరెంటు కోతలు, సంతాపాలు రాస్తున్నాను.

పోయిన నెల ఆ పిల్ల ఫోన్ చేసింది. "అన్నా, నాయన ఆ రోజు మాట్లాడింది మొత్తం నీ దగ్గరుండాదా? నాలుగు నిమిషాలది."

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"నాయన నాతో ఫోన్లో మాట్లాడితే ఎవురో సారుతో మాట్లాడినట్ల మాట్లాడతాడన్నా. బాగున్నావా, భోజనము చేసితివా అంటాడు. ముందర ఎట్ల మాట్లాడతాండెనో వినాలని ఉండాది. వింటే నేను ఏడ్వను, ఏమీ చేయను. వింటానంతే."

ఉండాలనే అనుకున్నాను. వెతికితే లేదు. నేను తీసిన ఫోను అద్దం పగిలి పాడైతే ఎప్పుడో కొత్తది తీసుకున్నాను. పాతది అంగడిలోనే వదిలేసినాను. దాంట్లోంచి తీసిపెట్టుకున్న మెమరీ కార్డులో, పాతవి చెరిపేసినాక, ఇప్పుడు మా ఇంటి పెండ్లి ఫోటోలు ఉన్నాయి. డెస్కుకు ఫోన్ చేస్తే, సిస్టమ్‌లన్నీ మారినాయి, పాతవి లేవన్నారు. గ్రూపులో పైకి పైకి పోయి చూసినాను. వీడియో ఉండాల్సినచోట బూడిద రంగు పెట్టె ఉంది, నొక్కితే తెరుచుకోలేదు. అప్పుడు ఆయన మాటల్లో పేపరుకు రాసి పంపింది కూడా పాత ఫోనుతోనే పోయింది. ఎనిమిది సెకన్లవి మాత్రం వెతికిన చోటల్లా దొరికినాయి.

ఒక మధ్యాహ్నం కాగితాలు తీసి రాయడానికి కూర్చున్నాను. గుర్తున్నంత గుర్తు తెచ్చుకుని రాసినాను. చదువుకుంటే పేపరులాగా వచ్చింది. చించేసినాను. చిన్నాయన గొంతు మనసులో వినుకుంటూ, నోటితో అనుకుంటూ మళ్లీ రాసినాను. రెండు కాగితాలు అయినాయి. కడపలో పేపరు వాళ్ల మీటింగు ఉంటే వాటిని జేబులో పెట్టుకుని పోయినాను.

ఆ పిల్ల డ్యూటీ మధ్యలో ఆస్పత్రి క్యాంటీనుకు వచ్చింది. తెల్ల యూనిఫారం, జేబులో రెండు పెన్నులు. వీడియో లేదని ముందే చెప్పినాను కాబట్టి అడగలేదు. కాగితాలు తీసుకుని టీ చల్లారేదాకా చదివింది. తర్వాత జేబులోంచి పెన్ను తీసింది.

"నాయన ఎడ్లు అనడన్నా. ఎద్దులు అంటాడు." కొట్టేసి దిద్దింది. "ఈడ 'చాలా' అని రాసినావు. శానా అంటాడు." దిద్దింది. తాళాలు వేసిన ఇండ్ల మాట దగ్గర చాలాసేపు ఆగి, ఏమీ మార్చకుండా ముందుకు పోయింది.

రెండో కాగితం చివర ఒక వాక్యం కాడ పెన్ను ఆగింది. మోడం దిక్కు చూసే ముసలివాళ్ల గురించి. "ఇది నాయన అన్నాడా, నువ్వు రాసినావా?"

ఆ వాక్యం వైపు చూసినాను. ఆయన గొంతులో వినడానికి ప్రయత్నం చేసినాను. "తెలీదమ్మా," అన్నాను.

ఆ పిల్ల దాన్ని కొట్టేయలేదు. పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది. కాగితాలు నాలుగు మడతలు పెట్టి యూనిఫారం జేబులో పెట్టుకుని, "డ్యూటీకి టైమయిందన్నా, పోతాండా," అని చెప్పి మెట్లెక్కి పోయింది. నేను టీ గ్లాసులు కౌంటరు మీద పెట్టి బస్టాండు దారి పట్టినాను.